ముందు చక్రం కింద ఆరు సెంటీమీటర్లు: ఇంట్లో ట్రైనర్ మీద చేతుల తిమ్మిర్ల కేసు

బైక్ ఫిట్‌కి, అంటే సైకిల్ సీటు, హ్యాండిల్ తమ ఒంటికి తగ్గట్టు సరిచేయించుకోడానికి, వచ్చినవాళ్ళు అంతా అయిపోయాక, వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ అడిగే ప్రశ్న ఒకటుంది. ట్రైనర్‌తో (ఇంట్లో ఉన్నచోటే తొక్కడానికి సైకిల్‌ని బిగించే స్టాండు) పాటు ముందు చక్రం కింద పెట్టే ఆ ప్లాస్టిక్ దిమ్మ అమ్ముతారు కదా, అది నిజంగా కావాలా లేక ఊరికే బిల్లు పెంచడానికా అని. కావాలి అని ఒక్క మాటలో చెబితే ఎవరూ నమ్మట్లేదు. అందుకే ఒక కేసు మొత్తం కొలతలతో సహా రాస్తున్నా. క్లయింట్ ఒప్పుకున్నాడు, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చేశా, కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మనిషి వయసు 44, బరువు 82 కిలోలు, ఐటీలో పని, మణికొండ వైపు అపార్ట్‌మెంట్. అల్యూమినియం రోడ్ బైక్, కాస్త నిటారుగా కూర్చునే ఎండ్యూరెన్స్ రకం, 700x28 టైర్లు (28 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు), వీల్‌బేస్, అంటే రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం, సరిగ్గా మీటరు. ఆ బైక్‌కి ఫిట్ చేసింది నేనే. వీకెండ్ వస్తే ఔటర్ రింగ్ రోడ్ పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబర్‌లో ఓపెన్ చేసిన 23 కిలోమీటర్లది, నార్సింగి నుంచి కొల్లూరు వైపు వెళ్ళే ముక్క మీద రెండు గంటలు హాయిగా తొక్కి వస్తాడు, ఒక్క కంప్లైంట్ లేదు. వానాకాలం మొదలయ్యాక వారం మధ్యలో ఇంట్లోనే తొక్కుదామని ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో వీల్-ఆన్ ట్రైనర్ కొన్నాడు, అంటే వెనక చక్రం ఉంచే, టైరు వెళ్ళి రోలర్‌కి ఆనుకునే రకం. అమ్మినాయన డబ్బాలో ముందు దిమ్మ లేదు. దాని గురించి అప్పుడు ఈయన పట్టించుకోలేదు, చాలామంది పట్టించుకోరు కూడా.

ఫోన్లో ఆయన చెప్పింది ఇది: "తమ్ముడూ, బయట మంచిగనే ఉంటది, ఇంట్ల ట్రైనర్ ఎక్కితేనే ఇరవై నిమిషాలకు చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారుతున్నయ్. మోకాలు ముందు దిక్కు గూడ గుంజుతుంది. సీటేమో ముందరికి నూకుతున్నట్టుంటది."

ఈ మూడు ముక్కల్లోనే సగం రోగం చెప్పేశాడు. చిటికెన వేలు, ఉంగరం వేలు అంటే అల్నార్ నరం. అది మణికట్టు దాటి అరచేతిలోకి వచ్చేచోట, చిటికెన వేలి వైపు ఉండే ఎముక పక్కనుంచి గయాన్ కెనాల్ అనే ఇరుకు సందులోంచి వెళ్తుంది, హ్యాండిల్ మీద బరువు వేస్తే సరిగ్గా ఆ మెత్తటి భాగమే నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారితే కథ వేరు, అది మీడియన్ నరం, కీబోర్డు వాళ్ళకి అది విడిగా కూడా వస్తుంది కాబట్టి ముందు అది కాదని తేల్చుకోవాలి. ఈయనకి బైక్ దిగిన పదిహేను నిమిషాల్లో పోతోంది, పట్టు తగ్గలేదు, చొక్కా గుండీలు మామూలుగానే పెట్టుకుంటున్నాడు. ఇవి అడగకుండా ఏ ఫిట్టరూ బైక్ మీద చెయ్యి వెయ్యకూడదు అని నా అభిప్రాయం. దిగాక కూడా గంటలు గంటలు తిమ్మిరి ఉంటే, వేళ్ళలో బలం తగ్గితే అది నా పని కాదు, డాక్టర్ దగ్గరికి పంపిస్తా.

రెండో ప్రశ్న, అదే బైక్, అదే సీటు, అదే షూస్, బయట నొప్పి లేదు లోపల ఉంది, మరి లోపల ఏం మారింది? అప్పటికే ఈయన జెల్ గ్లవ్స్ కొన్నాడు, హ్యాండిల్‌కి మందం టేప్ చుట్టించాడు, ఒక కొత్త సీటు కూడా కొన్నాడు (దాని కథ తర్వాత). బయట బాగున్న బైక్‌కి లోపల తేడా వస్తుంటే బైక్ మీద డబ్బులు పెట్టడం ఎందుకో నాకర్థం కాదు, కానీ మన దగ్గర నొప్పి అనగానే గ్రూపులో అడుగుతారు, పది మంది పది సామాన్లు చెబుతారు, అవన్నీ కార్ట్‌లోకి వెళ్ళిపోతాయి.

స్టూడియోకి రమ్మనలేదు, నేనే ఇంటికెళ్ళా. ట్రైనర్ కేసుల్లో ఇల్లు చూడకుండా ఏమీ చెప్పలేం, బైక్ ఒక్కటే తెస్తే కంప్లైంట్ ఇంట్లోనే ఉండిపోతుంది.

బైక్ బాల్కనీలో పెట్టాడు. వెనక చక్రం గోడ వైపు, ముందు చక్రం రెయిలింగ్ వైపు, ముందు లాప్‌టాప్ స్టాండు, పక్కన టేబుల్ ఫ్యాను. చూడగానే తెలిసిపోయే విషయం, వెనక భాగం లేచి ఉంది. ట్రైనర్ వెనక యాక్సిల్‌ని (ఇరుసుని) పట్టుకుని చక్రాన్ని నేల నుంచి లేపుతుంది, లేపకపోతే చక్రం తిరగదు కదా. ముందు చక్రం నేల మీదే ఉంటుంది. నేల నుంచి యాక్సిల్ మధ్యకి టేపు పెడితే ముందు 33.8 సెంటీమీటర్లు, వెనక 38.5. తేడా 4.7.

ఇక్కడితో ఆగి, 4.7 సెంటీమీటర్ల దిమ్మ పెట్టుకోండి అని చెప్పి చాయ్ తాగి వచ్చేయొచ్చు, చాలా వీడియోల్లో చెప్పేది కూడా ఇంతే, రెండు యాక్సిల్‌లు నేల నుంచి ఒకే ఎత్తులో ఉంటే చాలు అని. ఆ లెక్క నేల లెవెల్‌గా ఉన్నప్పుడే నిజం. మన బాల్కనీలు లెవెల్‌గా ఉండవు, ఉండకూడదు కూడా, వాన నీళ్ళు, కడిగిన నీళ్ళు జాలీలోకి పోవాలని మేస్త్రీ వాటం ఇచ్చి టైల్స్ వేస్తాడు. ఈయన బాల్కనీలో జాలీ రెయిలింగ్ మూలన ఉంది, అంటే బైక్ ముక్కు వైపు. మీటరు పొడుగు రసమట్టం పెట్టి చూస్తే మీటరుకి 1.2 సెంటీమీటర్లు దిగుతోంది. ఆ వాటం కూడా ట్రైనర్ వాలుకి కలిసింది, 4.7 ప్లస్ 1.2, మొత్తం 5.9. మీటరు వీల్‌బేస్ మీద 5.9 సెంటీమీటర్లు అంటే దాదాపు 3.4 డిగ్రీలు.

నా లెక్క కరెక్టో కాదో సీటే చెబుతుంది. హాల్లో టైల్స్ లెవెల్‌గా ఉన్నాయి, బైక్‌ని అక్కడ ట్రైనర్ లేకుండా గోడకి నిటారుగా నిలబెట్టి సీటు వాలు చూస్తే ముక్కు కిందకి 1 డిగ్రీ, నేను ఫిట్‌లో పెట్టింది అంతే. బాల్కనీలో ట్రైనర్ మీద అదే సీటు 4.4. ఫోన్ యాప్‌తో చూసేవాళ్ళకి రెండు జాగ్రత్తలు చెబుతా. సీటు పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి ఫోన్ నేరుగా పెట్టకుండా సీటు పొడవునా ఒక గట్టి అట్ట గానీ చిన్న చెక్క గానీ పెట్టి దాని మీద ఫోన్ పెట్టాలి. ఒకసారి చూశాక ఫోన్‌ని అటు ఇటు తిప్పి మళ్ళీ చూడాలి, రెండు రీడింగుల సగటు తీసుకోవాలి, చాలా ఫోన్లలో కెమెరా ఉబ్బు వల్లే అర డిగ్రీ తేడా వచ్చేస్తుంది.

3.4 డిగ్రీలు అంటే వినడానికి చిన్నదే. ఫిట్ లెక్కలో ఎంత పెద్దదో చెబుతా. సీటు నుంచి హ్యాండిల్ మధ్యకి అడ్డంగా 52 సెంటీమీటర్లు ఉంది, బైక్ మొత్తం 3.4 డిగ్రీలు ముందుకి వాలితే హ్యాండిల్ సీటు కంటే ఇంకో 3 సెంటీమీటర్లు కిందకి పోయినట్టు, ఇంకా ముందుకి ఉండే బ్రేక్ హుడ్స్ (బ్రేక్ లివర్ల మీద చేతులు ఆన్చే రబ్బరు తొడుగులు) అయితే 4 దాటి. ఫిట్‌లో మేము హ్యాండిల్ ఎత్తు కోసం పెట్టే 5 మిల్లీమీటర్ల స్పేసర్ రింగు ఒకటి తీయాలన్నా పెట్టాలన్నా క్లయింట్‌తో పది నిమిషాలు మాట్లాడతాం, అలాంటిది ఇక్కడ ఎవరూ అడక్కుండానే ఆరు స్పేసర్లు తీసేసినంత పని అయింది. సీట్ ట్యూబ్ (సీటు కింది గొట్టం) కోణం 73.5 డిగ్రీలు ఉన్న బైక్ 76.9 అయిపోయింది, అది ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు కలిపిన పోటీ) బైక్ లెక్క. ట్రయథ్లాన్ బైక్‌లో ఆ వాలుకి తగ్గట్టు మోచేతులు ఆన్చుకోడానికి ప్యాడ్‌లు ఉంటాయి, బరువంతా ఎముక మీద పడుతుంది. ఇక్కడ ప్యాడ్‌లు లేవు, అరచేతులే ఉన్నాయి.

బరువు సంగతి కూడా చూడండి. 3.4 డిగ్రీల వాలు మీద మనిషి బరువులో సుమారు 5.9 శాతం ముందుకి జార్చే బలంగా మారుతుంది, 82 కిలోలకి లెక్క కడితే 4.8 కిలోలు. బరువులో కొంత పెడల్స్ మీదా చేతుల మీదా ఉంటుంది కాబట్టి సీటు మీద జారుడు అంతకంటే తక్కువే, కానీ తక్కువైనా ఆగకుండా గంటసేపు జారుడుబల్ల మీద కూర్చుని తొక్కుతున్నట్టే. ఆ జారుడుని ఆపేది ఏది? చేతులు. మోచేతులు బిగించి, భుజాలు పైకి లేపి, అరచేతి మడమతో హ్యాండిల్‌ని తోస్తూ కూర్చున్నాడు. ఎక్కించి పదిహేను నిమిషాలు తొక్కించా, ఐదో నిమిషంలోనే మోచేతులు లాక్ అయ్యాయి, మధ్యమధ్యలో నడుము వెనక్కి జరుపుకుంటున్నాడు, మళ్ళీ జారుతున్నాడు. మోకాలు నొప్పి కూడా ఇక్కడిదే. బైక్ వాలినంత మాత్రాన పెడల్‌కీ సీటుకీ ఉన్న దూరం మారదు, కానీ మనిషి సీటు ముక్కు మీదకి జారితే మారుతుంది, సీటు తగ్గించినట్టు అవుతుంది, మోకాలు పెడల్ కంటే ముందుకి వెళ్ళిపోతుంది, చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. ఈయన దాదాపు రెండు సెంటీమీటర్లు ముందుకి వచ్చి తొక్కుతున్నాడు.

ఒకాయన నాతో వాదించాడు, బయట కూడా డౌన్‌లో దిగుతాం కదా, అప్పుడు చేతులు మొద్దుబారవే అని. అనంతగిరి గుట్టలు దిగేటప్పుడు తొక్కుతామా? తొక్కం, పెడల్స్ మీద లేచి నిలబడతాం, బ్రేకులు వేస్తాం, ఒళ్ళు కదులుతూనే ఉంటుంది, అది కూడా కొన్ని నిమిషాలే. దిమ్మ లేని ట్రైనర్ అంటే 5.9 శాతం డౌన్‌లో, రెసిస్టెన్స్ మీద, ఒకే భంగిమలో, గంటన్నర తొక్కడం. అలాంటి రోడ్డు ఎక్కడా ఉండదు.

ఇప్పుడు కొత్త సీటు కథ. తిమ్మిర్లు మొదలయ్యాక ఈయనకి ఎవరో చెప్పారు ముందు చక్రం కింద పుస్తకాలు పెట్టుకో అని. మంచి సలహానే, కానీ ఎంత ఎత్తు అని ఎవరూ చెప్పలేదు, ఈయన అడగలేదు. ఇంట్లో ఉన్న వంటింటి పీట, దాని మీద కొడుకు ఎంట్రన్స్ కోచింగ్ పుస్తకాలు మూడు, మొత్తం 11 సెంటీమీటర్లు. చేతులకి ప్రాణం లేచొచ్చింది, ఎంత పైకి పెడితే అంత హాయి అనుకున్నాడు. కొన్నాళ్ళకి ఇంకో ఇబ్బంది మొదలైంది, అది ఫోన్లో చెప్పలేదు, గ్రూపులోనూ అడగలేదు, నేను గుచ్చి గుచ్చి అడిగితే వాళ్ళమ్మ లోపలికి వెళ్ళాక చిన్నగా చెప్పాడు, సీటు తగిలేచోట, మర్మావయవాల దగ్గర స్పర్శ తెలియట్లేదని. కావాల్సింది 5.9, పెట్టింది 11, అంటే 5 సెంటీమీటర్లు ఎక్కువ, బైక్ ఇప్పుడు దాదాపు 3 డిగ్రీలు ముక్కు పైకెత్తింది, 1 డిగ్రీ కిందకి ఉన్న సీటు 2 డిగ్రీలు పైకి లేచింది. సీటు ముక్కు వెళ్ళి కాళ్ళ మధ్య మెత్తటి భాగాన్ని నొక్కుతుంది, అక్కడ ప్యుడెండల్ నరం, రక్తనాళాలు ఉంటాయి. ఈయన ఏమనుకున్నాడు, సీటు బాగాలేదనుకున్నాడు, మధ్యలో కోత ఉన్న ఖరీదైన సీటు తెప్పించాడు, దాంతోనూ తగ్గలేదు, మళ్ళీ పాతది వేసుకుని పుస్తకాలు తీసేసి నేల మీదకే వచ్చేశాడు. చేతుల తిమ్మిర్లు తిరిగొచ్చాయి. నాకు ఫోన్ చేసింది అప్పుడు.

మగవాళ్ళు ఈ రెండో కంప్లైంట్ తమంతట తాము చెప్పరు. ఆడవాళ్ళు కూడా చాలామంది చెప్పరు, అక్కడ వాపు, నొప్పి వచ్చినా సైక్లింగ్ అంటే ఇంతేనేమో అని సర్దుకుపోతారు. ఫిట్టర్లు చదువుతుంటే, ట్రైనర్ కేసు వచ్చినప్పుడు సిగ్గుపడకుండా అడగండి. ఆ కిందిభాగం తిమ్మిరి ఊరికే వదిలేసేది కాదు, మార్పులు చేశాక కూడా ఉంటే డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే.

సరే, దిమ్మ ఎంత అనేది తేలింది, ఎలా అనేది మిగిలింది. మొదట చెప్పిన ఉపాయం పైసా ఖర్చు లేనిది, బైక్‌ని తిప్పేయమన్నా. ముక్కు గోడ వైపు, వెనక జాలీ వైపు పెడితే అదే వాటం మనకి సాయం చేస్తుంది, 4.7 లోంచి 1.2 పోయి 3.5 సెంటీమీటర్ల దిమ్మ చాలు. ఆయన ఒప్పుకోలేదు. ప్లగ్ పాయింట్ ఇటే ఉంది, పైగా గోడని చూస్తూ గంటన్నర తొక్కలేను అన్నాడు. న్యాయమే. హాల్లోకి మార్చమంటే వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆమె సమాధానం: "బిడ్డా, ఆ చెమటంత నా దివాన్ మీద పడాల్నా? బాల్కనీల తొక్కుకోమను. గా పీట మాత్రం నాది నాకియ్యమను."

మార్కెట్‌లో దొరికే దిమ్మలు చెడ్డవేం కాదు. కొన్నిటిలో రెండు మూడు ఎత్తుల్లో గాళ్ళు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పెట్టుకునేవి కూడా ఉన్నాయి. అయితే డబ్బా మీద రాసే ఎత్తు దిమ్మ బయటి ఎత్తు అయి ఉండొచ్చు, మనకి కావాల్సింది చక్రం ఎంత లేచింది అనేది. గాడి లోతులో చక్రం కిందకి దిగి కూర్చుంటుంది, ఒక్కోసారి గాడి వంపు, టైరు వంపు కలవక ముందూ వెనకా రెండుచోట్ల ఆని అడుగు తగలకుండా కూర్చుంటుంది, అప్పుడు ఇంకోలా వస్తుంది. అందుకే దిమ్మని కొలవొద్దు, చక్రం పెట్టాక యాక్సిల్‌ని కొలవండి. యోగా చేసేటప్పుడు వాడే ఫోమ్ ఇటుకలు వద్దు, మనిషి ఎక్కగానే నొక్కుకుపోతాయి. అసలు ఇటుక అయితే ఇంకా వద్దు, అంచు విరిగి చక్రం జారిందంటే క్లాంప్ మీద, ఫ్రేమ్ మీద మెలి పడుతుంది, టైల్స్ కూడా పోతాయి.

ఈయన అపార్ట్‌మెంట్‌లోనే ఎవరిదో ఫ్లాట్‌లో ఇంటీరియర్ పని నడుస్తోంది, కార్పెంటర్ దగ్గర 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కలు మిగిలాయి. మూడు పొరలు ఫెవికాల్ పెట్టి స్క్రూలు బిగిస్తే 57 మిల్లీమీటర్లు, అడుగున జారకుండా 3 మిల్లీమీటర్ల రబ్బర్ షీట్, మొత్తం 60, బరువు పడ్డాక రబ్బరు కొంచెం నలిగి మనకి కావాల్సిన 59 దగ్గరికి వచ్చేస్తుంది. పైన చక్రం అటూ ఇటూ పోకుండా రెండు సన్న రీపర్లు (చెక్క పట్టీలు), మధ్యలో 32 మిల్లీమీటర్ల సందు, 28 టైరుకి అది సరిపోతుంది, మరీ బిగుతుగా చేస్తే టైరు పక్కభాగం రాసుకుపోతుంది. వెడల్పు 25 సెంటీమీటర్లు పెట్టమన్నా, సన్నగా చేస్తే లేచి తొక్కినప్పుడు దిమ్మ పక్కకి ఊగుతుంది. పొడవు 30. అంచులకి ఉప్పుకాగితం కొట్టి, చెమట దిగకుండా రెండు కోట్లు వార్నిష్.

ఆ రీపర్ల సందు చిన్న విషయం అనిపిస్తుంది గానీ దిమ్మ చేసే రెండో పని అదే. నున్నటి టైల్స్ మీద ముందు చక్రం ఊరికే తిరిగిపోతుంది, వెనక క్లాంప్ ఉంది కాబట్టి బైక్ పడిపోదు కానీ నీళ్ళ బాటిల్ కోసం ఒక చెయ్యి తీసినప్పుడల్లా హ్యాండిల్ ఒక పక్కకి వాలుతుంది, దాన్ని నిలబెట్టడానికి రెండో చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, తిమ్మిరి చేతికి అది అదనపు బరువు. గాడిలో చక్రం కూర్చున్నాక ఆ పట్టు అవసరం ఉండదు.

పెట్టాక కొలతలు మళ్ళీ తీశాం, ఈసారి మనిషిని బైక్ మీద కూర్చోబెట్టి. ఇది చాలామంది వదిలేస్తారు. ట్రైనర్ కింద మ్యాట్ ఉంటే, అది ట్రైనర్ కాళ్ళ కింద ఒకలా, దిమ్మ కింద ఒకలా నలుగుతుంది, ఖాళీ బైక్ కొలతకి అర సెంటీమీటర్ తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. మనిషి కూర్చున్నాక సీటు మీద ఫోన్ పెట్టలేం కాబట్టి రెండు యాక్సిల్‌ల దగ్గరా స్కేలు పెట్టి చూడాలి, నేల వాటం తీసేస్తే ముందూ వెనకా ఒక మిల్లీమీటర్ తేడా. దిగాక సీటు 1 డిగ్రీ చిల్లర. చాలు, అంతకంటే పట్టింపు అనవసరం.

ఇంకోటి, వాటం ముందుకే కాదు, పక్కకి కూడా ఉంది. జాలీ మూలన ఉందన్నా కదా. తూకం గుండు తాడుకి కట్టి సీటు మధ్య నుంచి వదిలితే వెనక టైరు మధ్యలో పడలేదు, కుడివైపుకి వాలింది. ట్రైనర్ కాళ్ళకి తిప్పే బుడిపెలు ఉన్నాయి, కుడి కాలుది రెండు మూడు చుట్లు విప్పితే నిటారుగా వచ్చింది. పక్కకి వాలిన బైక్ మీద ఒక కూర్చునే ఎముకకే బరువు పడుతుంది, నడుము ఒక పక్కే నొప్పి పుడుతుంది, దాన్ని కాళ్ళ పొడవు తేడా అనుకుని షూ కింద షిమ్‌లు (ఎత్తు పెంచే పల్చటి ముక్కలు) పెట్టించుకున్నవాళ్ళని చూశాను.

ఫలితం ఏంటంటే, జారడం మొదటి రోజే ఆగింది. మోకాలు నొప్పి తర్వాతి కొన్ని వారాల్లో తగ్గుతూ వచ్చి పోయింది, సీటు ఎత్తు నేను ముట్టుకోలేదు. కిందిభాగం తిమ్మిరి మళ్ళీ రాలేదు, పాత సీటే ఉంది, కొత్తది అమ్మకానికి పెట్టాడు. చేతులు మాత్రం పూర్తిగా కాదు, ఇరవై నిమిషాలకి వచ్చేది గంట దాటాక వస్తోంది, అది కూడా ఎడమ చేతికే.

ఆ మిగిలినదాన్ని దిమ్మ తీర్చదు, నేను ముందే చెప్పా. బయట బైక్ మన కింద ఊగుతుంది, గుంత వస్తే లేస్తాం, సిగ్నల్ దగ్గర దిగుతాం, గాలికి చేతులు మారుస్తాం, డౌన్ వస్తే తొక్కడం ఆపేస్తాం. ట్రైనర్‌లో ఇవేవీ లేవు, క్లాంప్ కదలనివ్వదు, గంట అంటే గంట తొక్కుడే. అందుకే పది నిమిషాలకోసారి ఫోన్లో బెల్ పెట్టుకుని అరనిమిషం లేచి తొక్కమన్నా, బెల్ మోగిన ప్రతిసారీ చేతుల చోటు మార్చమన్నా, హుడ్స్ నుంచి పైకి, పైనుంచి పక్కకి. ఫ్యాన్ ముఖానికి కాకుండా ఛాతీకి కొట్టేలా పెట్టించా, చెమట తగ్గితే చేతులు జారవు, అంత గట్టిగా పట్టుకోవాల్సిన పని ఉండదు. ఎండాకాలం అలవాటుతో వానల్లో కూడా కూలర్ పెట్టుకుంటారు కొంతమంది, తేమ గాలికి తేమ కలిపితే చెమట ఆరదు, ఫ్యానే మంచిది. హ్యాండిల్ మీద ఒక తువ్వాలు తప్పనిసరి, లేకపోతే ఉప్పు చెమట హ్యాండిల్‌ని పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల్లోకి, హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగుల్లోకి (హెడ్‌సెట్) దిగి తుప్పు పట్టిస్తుంది, ఇంట్లోనే ఉన్న బైక్‌కి తుప్పేంటని ఆశ్చర్యపోతారు తర్వాత.

ఆయన అడిగిన ఇంకో ప్రశ్న, దిమ్మ పెడితే వాట్స్, అంటే తొక్కే పవర్ రీడింగ్, పెరుగుతాయా అని. పెరగవు. రోలర్‌కి ముందు చక్రం ఎక్కడుందో తెలీదు, దానికి కావాల్సింది టైరులో గాలి ఎప్పుడూ ఒకేలా ఉండటం, రోలర్ బిగింపు ఒకేలా ఉండటం, అంతే. నొప్పి లేకుండా ఎక్కువసేపు తొక్కితే ఫిట్‌నెస్ పెరుగుతుంది, అది వేరే లెక్క.

ఈ కేసులో 5.9 వచ్చిందని మీరూ 6 పెట్టేసుకోవద్దు. వీల్-ఆన్ ట్రైనర్‌లో వెనక యాక్సిల్ ఎత్తు క్లాంప్‌తో ఫిక్స్ అయి ఉంటుంది, మీ చక్రం సైజుతో సంబంధం లేదు, కానీ ముందు యాక్సిల్ ఎత్తు మీ చక్రాన్ని బట్టే ఉంటుంది. లెవెల్ నేల మీద ఇదే ట్రైనర్‌కి 29 అంగుళాల ఎంటీబీ (మౌంటెన్ బైక్) లావు టైరుతో పెడితే ముందు యాక్సిల్ 36, 37 దగ్గర ఉంటుంది, రెండు సెంటీమీటర్ల చెక్క చాలు. 26 అంగుళాల పాత సైకిల్ సన్న టైరుతో పెడితే ఆరేడు కావాలి. చక్రం చిన్నదైతే దిమ్మ పెద్దది, తిరగేసి అనుకుంటారు చాలామంది.

డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్లు, అంటే వెనక చక్రం తీసేసి బైక్‌ని నేరుగా తగిలించేవి, వాటిలో చాలావరకు యాక్సిల్ ఎత్తు 700సి (మామూలు రోడ్ బైక్ సైజు) చక్రానికి సరిపడా ఉండేలానే చేస్తారు. వాటికి ఎత్తు దిమ్మ పెడితే ఈయన పుస్తకాలు పెట్టినప్పటి కథే మళ్ళీ. షాపులో రెండూ కలిపి అంటగట్టిన కేసులు నా దగ్గరికి వచ్చాయి. చక్రం తిరగకుండా పట్టుకోవాలంటే పల్చటి రబ్బర్ గాడి చాలు. కొలిచాకే నమ్మండి, అక్కడ కూడా బాల్కనీ వాటం బాల్కనీ వాటమే.

ఒక పని మాత్రం అందరికీ ఒకేలా చెబుతా. ట్రైనర్‌కి తగ్గట్టు బైక్‌ని మార్చొద్దు. ముక్కు కిందకి వాలుతోందని సీటు క్లాంప్ విప్పి 3 డిగ్రీలు పైకి తిప్పుకుంటారు, వారమంతా బాగుంటుంది, ఆదివారం అదే బైక్ బయటికి తీసుకెళ్తే సీటు ముక్కు ఆకాశాన్ని చూస్తూ ఉంటుంది. బయట బాగున్న ఫిట్‌ని ముట్టుకోకుండా నేలనే సరిచెయ్యాలి.

పనమ్మాయి బాల్కనీ కడిగిన ప్రతిసారీ ట్రైనర్ జరిగిపోతోందని ఈయన కాళ్ళ చుట్టూ, దిమ్మ చుట్టూ టైల్స్ మీద పెయింట్ మార్కర్‌తో గీతలు గీసుకున్నాడు, వాటం ప్రతి టైలు మీదా ఒకేలా ఉండదు కాబట్టి అది మంచి పనే. ఎడమ చిటికెన వేలు సంగతి ఇంకో నెల చూద్దామన్నా, ఆఫీసులో ఆ మోచెయ్యి టేబుల్ అంచుకి ఆన్చి కూర్చునే అలవాటు ఉందని మాటల్లో బయటపడింది, అదే నరం మోచేయి దగ్గర కూడా నొక్కుకుపోతుంది. ముందు కుర్చీ చేతుల ఎత్తు సరిచేసుకోమన్నా. అప్పటికీ తగ్గకపోతే న్యూరాలజిస్ట్‌కి చూపించుకోమని, నా కొలతల కాగితం కూడా ఆయనకి చూపించమని చెప్పా.